ప్రొజెక్టర్ కొనేముందు గోడను కొలవండి

ఆన్‌లైన్‌లో ప్రొజెక్టర్ల కోసం వెతకడం మొదలుపెట్టగానే ఎవరైనా ఒక అంకె దగ్గర ఆగిపోతారు. ఎనిమిది తొమ్మిది వేల రూపాయల పెట్టె మీద 9000 ల్యూమెన్లు అని రాసి ఉంటుంది. పేరున్న కంపెనీది, డెబ్భై వేలు పెట్టాల్సిన ప్రొజెక్టర్ మీద 3000 ల్యూమెన్లు అనే ఉంటుంది. తక్కువ డబ్బుకి మూడింతల వెలుగు వస్తుంటే ఎక్కువ పెట్టడం ఎందుకు అనిపించడం సహజమే. అనంతపురంలో నాకు తెలిసిన ఇళ్లలో మొదటి ప్రొజెక్టర్‌ని చాలామంది ఈ అంకె చూసే కొన్నారు. మొదటి రాత్రి పిల్లలు కేరింతలు కొట్టారు. నెల తిరిగేలోపు అది అటకెక్కింది.

కొన్నవాళ్ల తప్పేం లేదు. ఆ రెండు అంకెలూ ఒకే కొలతతో తీసినవి కావు, అందుకే వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తేలదు. ఒక్కో ప్రొజెక్టర్ మీ గదిలో, మీ గోడ మీద ఎంత వెలుగు వేస్తుందో లెక్కేసి, ఆ లెక్కల్ని పోల్చుకోవాలి. దీనికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. టేపు, కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

వెలుగు లెక్క

ప్రొజెక్టర్ వెలుగుని కొలవడానికి అమెరికా ప్రమాణాల సంస్థ ఆన్సీ 1992లో ఒక పద్ధతి తెచ్చింది. పూర్తి తెల్లని బొమ్మ వేసి, తెరని తొమ్మిది సమాన గళ్లుగా విడదీసి, ప్రతి గడి మధ్యలో పడే వెలుగుని కొలుస్తారు. వాటి సగటు తీసి, తెర వైశాల్యంతో గుణిస్తారు. అలా వచ్చేవే ఆన్సీ ల్యూమెన్లు. తర్వాత వచ్చిన ఐఎస్ఓ 21118 ప్రమాణం కూడా దాదాపు ఇదే దారిలో నడుస్తుంది. స్పెసిఫికేషన్లలో ఈ రెండు పేర్లలో ఏదో ఒకటి ఉంటే ఆ అంకెని పోలికకి తీసుకోవచ్చు. ఉత్త ‘ల్యూమెన్లు’ అనో, ‘ఎల్ఈడీ ల్యూమెన్లు’ అనో, ‘లైట్ సోర్స్ ల్యూమెన్లు’ అనో ఉంటే పక్కన పెట్టేయండి. లైట్ సోర్స్ ల్యూమెన్లు అంటే లోపలి దీపం దగ్గర పుట్టే వెలుగు. లెన్సు దాటి గోడ మీదకి వచ్చేది అందులో కొంతే.

చవక పెట్టెల్లో ఆ కొంత కూడా మరీ తక్కువ. వాటిలో ఎక్కువ భాగం ఒకే ఒక్క ఎల్సీడీ పలకతో పనిచేస్తాయి. తెల్లటి ఎల్ఈడీ వెలుగు ముందు పోలరైజర్ అనే పొర దాటాలి, అక్కడే సగం పోతుంది. తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు వస్తాయి. ఒక్కో ఫిల్టరూ తన రంగుని మాత్రం వదిలి మిగతా రెండింటినీ మింగేస్తుంది కాబట్టి మిగిలినదాంట్లో మూడో వంతే బయటపడుతుంది. పలకలోని తీగలు, అద్దాలు, లెన్సు ఇంకొంత తింటాయి. వేలల్లో రాసుకున్న ఇలాంటి పెట్టెని ఆన్సీ పద్ధతిలో కొలిస్తే సాధారణంగా వంద నుంచి మూడు వందల మధ్య తేలుతుంది.

ఇప్పుడు ఆ వెలుగు ఎంత గోడ మీద పరచుకుంటుందో చూడాలి. ఒకే గరిటె పిండిని చిన్న దోసెగా పోస్తే మందంగా ఉంటుంది, పెనమంతా తిప్పితే పల్చబడుతుంది. ప్రొజెక్టర్ వెలుగు కూడా అంతే. 80 అంగుళాల తెర వైశాల్యం 19 చదరపు అడుగులు. 100 అంగుళాలకి దాదాపు 30, 120 అంగుళాలకి 43, 150 అంగుళాలకి 67. అంగుళాలు 80 నుంచి 120కి, అంటే ఒకటిన్నర రెట్లు పెరిగితే, వైశాల్యం రెండు రెట్లు దాటిపోతుంది. ‘200 అంగుళాల దాకా’ అని ప్రకటనలో రాసేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

పోల్చుకోవడానికి ఒక కొలబద్ద ఉంది. డిజిటల్ థియేటర్లకి పెట్టుకున్న ప్రమాణం 14 ఫుట్‌లాంబర్ట్‌లు. మామూలు తెల్ల తెర మీద దీన్ని చదరపు అడుగుకి 14 ల్యూమెన్లు అని అర్థం చేసుకోవచ్చు. ఈ లెక్కన పూర్తి చీకటి గదిలో 100 అంగుళాల బొమ్మకి 420 నిజమైన ల్యూమెన్లు కావాలి, 120 అంగుళాలకి 600 కావాలి. నిజంగా 200 ల్యూమెన్లు ఇచ్చే పెట్టె 100 అంగుళాల మీద చదరపు అడుగుకి ఏడు కూడా ఇవ్వదు. అంటే థియేటర్ వెలుగులో సగం. అదే పెట్టెని 70 అంగుళాలకి తగ్గిస్తే మళ్లీ థియేటర్ స్థాయికి వస్తుంది. ఇప్పటికే అలాంటిది ఇంట్లో ఉన్నవాళ్లు బొమ్మని చిన్నది చేసి చూడండి, దాని మీద మీ అభిప్రాయం మారవచ్చు.

అయితే 420 సరిపోతే 3000 ఎందుకు? మూడు కారణాలు ఉన్నాయి. కంపెనీ చెప్పే అంకె అన్నిటికన్నా ప్రకాశవంతమైన మోడ్‌ది. ఆ మోడ్‌లో తెలుపు తరచుగా ఆకుపచ్చకి తిరుగుతుంది, మనుషుల ముఖాలు పాలిపోతాయి. రంగులు సరిగ్గా ఉండే సినిమా మోడ్‌లో వెలుగు చాలావరకు తగ్గుతుంది. రెండోది, దీపం పాతబడేకొద్దీ మసకబారుతుంది. ‘ల్యాంప్ లైఫ్’ అని రాసే గంటలు మామూలుగా వెలుగు సగానికి పడిపోయే దాకా లెక్క. మూడోది గదిలోని లైటు, దీని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

ప్రొజెక్టర్ నలుపుని వేయలేదు. నల్లగా ఉండాల్సిన చోట వెలుగు వేయకుండా వదిలేస్తుంది, అంతే. అక్కడ మనకి కనిపించేది ఆ గదిలో గోడ ఏ రంగులో ఉందో ఆ రంగు. హాల్లో 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబ్‌లైటు వెలుగుతోందనుకోండి. దాని నుంచి తెర మీద చదరపు అడుగుకి ఓ తొమ్మిది ల్యూమెన్లు పడుతున్నాయనుకుందాం, మామూలు హాల్లో అది మరీ ఎక్కువ అంచనా కాదు. ప్రొజెక్టర్ 14 ఇస్తుంటే తెల్లని చోట 23, నల్లని చోట 9. తేడా రెండున్నర రెట్లే. రాత్రి సన్నివేశం వస్తే బూడిద రంగు తప్ప ఏమీ కనిపించదు. చదరపు అడుగుకి 60 ఇచ్చే ప్రొజెక్టర్ అయితే 69కి 9, ఏడున్నర రెట్లు. సినిమాకి అదీ చాలదు కానీ క్రికెట్ మ్యాచ్ హాయిగా చూడొచ్చు, పచ్చటి మైదానంలో చీకటి భాగాలు తక్కువ కాబట్టి.

కాబట్టి కొనేముందు ఇంట్లో తేల్చుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇదే: రాత్రి లైట్లు ఆర్పి సినిమాలు చూడటానికా, లైటు వేసుకుని పదిమంది కూర్చుని ఐపీఎల్ చూడటానికా? మొదటిదైతే 500 నుంచి 1000 నిజమైన ల్యూమెన్లతో 100 అంగుళాలు బాగా నడుస్తాయి. రెండోదైతే 2500కి తగ్గకండి. మధ్యాహ్నం తలుపులు తీసిపెట్టి చూడాలంటే మాత్రం ఆ డబ్బుకి పెద్ద టీవీ కొనుక్కోవడమే మేలు. మన సీమ ఎండలో పల్చటి కర్టెన్ వెనక నుంచి వచ్చే వెలుగే ఏ ఇంటి ప్రొజెక్టర్‌నైనా ఓడించేస్తుంది.

లైట్లన్నీ ఆర్పినా గదిలో ఒక దీపం మిగిలే ఉంటుంది, అది తెరే. తెర మీద పడ్డ వెలుగు తెల్లటి సీలింగుకి, పక్క గోడలకి, నేలకి తగిలి మళ్లీ తెర మీదకే వస్తుంది. నున్నటి తెల్ల టైల్స్ వేసిన హాల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. పాత ఇళ్లలో కడప నల్లబండలో తాడిపత్రి నాపరాళ్లో పరిచి ఉంటే మీకు కలిసొచ్చినట్టే, అవి వెలుగుని పెద్దగా తిప్పి కొట్టవు. టైల్స్ ఉంటే తెర ముందు ఒక ముదురు రంగు జంఖానా పరిచి చూడండి. సీలింగులో తెరకి దగ్గరగా ఉన్న నాలుగైదు అడుగుల మేర మెరుపులేని ముదురు రంగు వేయించడానికి అయ్యే ఖర్చు ఇంకో మంచి ప్రొజెక్టర్‌కి మారడానికి అయ్యే ఖర్చులో చాలా చిన్న భాగం. ఫలితం మాత్రం కంటికి స్పష్టంగా తెలుస్తుంది.

కాంట్రాస్ట్, అంటే తెలుపుకీ నలుపుకీ మధ్య తేడా ఎన్ని రెట్లో చెబుతూ పెట్టె మీద రాసే లక్షల అంకెల్ని నేను అసలు చూడను. అవి చీకటి సన్నివేశంలో దీపాన్ని తగ్గించి, వెలుగు సన్నివేశంలో పెంచి, ఆ రెండింటినీ భాగించగా వచ్చినవి. ఒకే బొమ్మలో నలుపు, తెలుపు పక్కపక్కన ఉన్నప్పుడు తక్కువ ధర ప్రొజెక్టర్లలో అసలు తేడా కొన్ని వందల రెట్లే ఉంటుంది. తెలుగులో పెద్ద సినిమాలు చాలావరకు స్కోప్‌లో, అంటే టీవీ తెర కన్నా బాగా వెడల్పైన బొమ్మగా తీస్తారు కాబట్టి 16:9 తెర మీద పైనా కిందా పట్టీలు వస్తాయి, బొమ్మకి దక్కేది తెరలో మూడొంతుల జాగానే. కాంట్రాస్ట్ తక్కువైన ప్రొజెక్టర్‌లో ఆ పట్టీలు నల్లగా కాక బూడిద రంగులో మెరుస్తూ కంటికి అడ్డుపడతాయి. డెమో చూసేటప్పుడు ఆ పట్టీలనే చూడండి, స్పెసిఫికేషన్ కాగితం కన్నా అవే ఎక్కువ చెబుతాయి.

టేపుతో పని

మూడు సెంట్ల స్థలంలో కట్టిన ఇంట్లో హాలు పది అడుగుల వెడల్పు, పన్నెండు పద్నాలుగు అడుగుల పొడవు ఉండటం మామూలు. 100 అంగుళాల తెర అడ్డం ఏడడుగుల మూడంగుళాలు, నిలువు నాలుగడుగుల పైన ఒక అంగుళం. ముందు గోడ మీద ఆ కొలతతో పెన్సిల్ గీతలు గీసి చూడండి. తలుపు, స్విచ్‌బోర్డు, దేవుడి గూడు ఏదో ఒకటి అడ్డం రావడం చాలా ఇళ్లలో జరిగేదే.

తర్వాత త్రో రేషియో. తెర అడ్డం కొలతని ఈ అంకెతో గుణిస్తే లెన్సు ఎంత దూరంలో ఉండాలో వస్తుంది. 1.2 అయితే 100 అంగుళాలకి 8 అడుగుల 9 అంగుళాలు, 1.5 అయితే దాదాపు 11 అడుగులు. దీనికి ప్రొజెక్టర్ పొడవు, వెనక వైర్లకి, గాలికి కావాల్సిన ఖాళీ కలిపి ఇంకో అడుగు వేసుకోండి. పన్నెండు అడుగుల హాలుకి 1.5 అతికినట్టు సరిపోతుంది. పది అడుగుల వైపు నుంచి వేయాలంటే 1.2 కన్నా ఎక్కువ ఉన్నది పనికిరాదు. గోడకి జానెడు దూరంలో బల్ల మీద పెట్టుకునే అల్ట్రా షార్ట్ త్రో రకం కూడా ఉంది. దానికి గది పొడవుతో పని లేదు కానీ ధర ఎక్కువ, గోడ మీద చిన్న గతుకున్నా బొమ్మలో అలలా కనిపిస్తుంది. దానికి ప్రత్యేకమైన తెర తప్పనిసరి అనే చెప్పాలి.

మన ఇళ్లలో ఇంకో సమస్య సీలింగు ఫ్యాను. ఎండాకాలం ఫ్యాను ఆపుకుని సినిమా చూసే మాట ఉండదు. హాలు మధ్యలో రెక్కలు తిరుగుతూ ప్రొజెక్టర్ వెలుగుకి అడ్డం వస్తే బొమ్మ పైభాగం రెపరెపలాడుతుంది. బిగించేముందు లెన్సు ఉండబోయే చోటు నుంచి తెర పై మూలలకి రెండు దారాలు కట్టి చూడండి. దారం రెక్కకి కింద నుంచి పోవాలి. పైకప్పుకి బిగిస్తే ఫ్యాను ఊపు ప్రొజెక్టర్‌కి తగలకుండా ఉందో లేదో కూడా గమనించాలి, చిన్న అదురు గోడ మీద పెద్దదై కనిపిస్తుంది.

ప్రొజెక్టర్‌ని పక్కకో కిందకో పెట్టి, వంకరగా పడ్డ బొమ్మని కీస్టోన్ అనే సదుపాయంతో సరిచేసుకోవచ్చని అమ్మేవాళ్లు చెబుతారు. డిజిటల్ కీస్టోన్ చేసేది బొమ్మని లోపలే నొక్కి, పలకలో కొంత భాగాన్ని వాడకుండా వదిలేయడం. పిక్సెళ్లూ పోతాయి, వెలుగూ పోతుంది. కొంచెం సర్దడానికి పనికొస్తుంది కానీ, శాశ్వతంగా దాని మీద ఆధారపడొద్దు. లెన్స్ షిఫ్ట్ అనే సదుపాయం ఉంటే లెన్సే పక్కకి జరుగుతుంది కాబట్టి బొమ్మ నాణ్యత అలాగే ఉంటుంది. స్థలం ఇరుకైన ఇంటికి దాని కోసం కొంచెం ఎక్కువ పెట్టినా వృథా కాదు.

ఎన్ని పిక్సెళ్లు కావాలి

‘1080పి సపోర్ట్’, ‘4కె సపోర్ట్’ అంటే ఆ వీడియోని తీసుకుంటుంది అని మాత్రమే. చూపించేది పలకలో ఎన్ని పిక్సెళ్లు ఉంటే అన్నే. ‘నేటివ్ రిజల్యూషన్’ అన్న చోట రాసిందే అసలు సంగతి. చవక పెట్టెల్లో అక్కడ 1280×720 ఉంటుంది, కొన్నిట్లో అంతకన్నా తక్కువ.

దీన్ని కూడా దూరంతో కలిపి చూడాలి. చూపు బాగున్న కంటికి 100 అంగుళాల మీద 720పి గళ్లు పంతొమ్మిది అడుగుల దాకా విడివిడిగా తెలుస్తాయి, 1080పి అయితే పదమూడు అడుగుల దాకా, 4కె అయితే ఆరున్నర అడుగుల దాకా. మనం కూర్చునేది పది, పన్నెండు అడుగుల్లో. సినిమాకి సౌకర్యంగా ఉండే దూరం కూడా 100 అంగుళాలకి దాదాపు పది నుంచి పదమూడున్నర అడుగులు. అంటే మన హాళ్లలో 720పి పల్చగా, మసగ్గా కనిపిస్తుంది. 1080పి దాదాపు సరిపోతుంది. 4కె తేడా కనిపిస్తుంది కానీ, అదే డబ్బుతో ఎక్కువ వెలుగో మంచి నలుపో దొరుకుతుంటే నేను వాటినే ఎంచుకుంటాను. బుల్లి అద్దాలతో బొమ్మ వేసే డీఎల్పీ అనే రకం ఉంది, దాని గురించి కింద చెబుతాను; తక్కువ ధర 4కె డీఎల్పీల్లో చాలావాటి చిప్‌లో 1920×1080 అద్దాలే ఉంటాయి. బొమ్మని సెకనుకి 240 సార్లు అటూ ఇటూ జరిపి నాలుగు రెట్ల పిక్సెళ్లు చూపిస్తారు. ఇది మోసం కాదు, కూర్చునే దూరం నుంచి చూస్తే ఫలితం బాగానే ఉంటుంది.

వెలుగు చీకట్ల తేడాని మామూలు కన్నా ఎక్కువగా చూపే వీడియోలకి వేసే హెచ్‌డీఆర్ అన్న ముద్ర గురించి ఒక్క మాట చాలు. ఆ వీడియోలు టీవీల్లాంటి చాలా ఎక్కువ వెలుగుని దృష్టిలో పెట్టుకుని తయారవుతాయి, ఇంటి ప్రొజెక్టర్ అందులో చిన్న భాగమే ఇవ్వగలదు. మొదటి ప్రొజెక్టర్‌కి దాని కోసం అదనంగా డబ్బు పెట్టొద్దు.

లోపల ఏముంది

చవకలో దొరికే ఒంటి ఎల్సీడీని పక్కన పెడితే, పోటీ ముఖ్యంగా రెండు రకాల మధ్య ఉంటుంది. డీఎల్పీలో లక్షల కొద్దీ బుల్లి అద్దాలున్న చిప్ ఉంటుంది. ఒక్కో అద్దం ఒక్కో పిక్సెల్. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ 1987లో దీన్ని కనిపెట్టారు, 2015లో ఆయనకి ఆస్కార్ కూడా ఇచ్చారు. ఇళ్లకి అమ్మే వాటిలో చిప్ ఒక్కటే కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మల్ని ఒకదాని వెనక ఒకటి వేగంగా వేస్తుంది, కన్ను వాటిని కలుపుకుంటుంది. కొందరి కళ్లు కలుపుకోవు. చూపు చటుక్కున పక్కకి తిప్పినప్పుడు తెల్లటి అక్షరాల అంచుల్లో రంగులు మెరుస్తాయి, కొందరికి తలనొప్పి కూడా వస్తుంది. అందుకే ఇంట్లో అందరూ డెమో చూడటం మంచిది. చీకట్లో తెల్ల సబ్‌టైటిల్స్ పెట్టి చూపుని ఎడమకీ కుడికీ తిప్పితే ఎవరికి ఇబ్బందో అక్కడే తెలిసిపోతుంది.

ఎప్సన్ వాడే త్రీ ఎల్సీడీలో మూడు రంగులకీ మూడు పలకలు ఉంటాయి, మూడూ ఒకేసారి తెర మీద పడతాయి. కాబట్టి ఆ రంగుల మెరుపులు ఉండవు, రంగుల వెలుగు తెల్ల వెలుగుతో సమానంగా ఉంటుంది. కానీ గాలి లోపలికి పోతుంది కనుక ఫిల్టర్‌ని పట్టించుకోకపోతే దుమ్ము చేరి బొమ్మ మీద మసక మచ్చలు పడతాయి. సోనీ, జేవీసీల ఎల్‌కాస్ రకం నలుపు విషయంలో అన్నిటికన్నా మేలైనది, ధర మాత్రం మొదటిసారి కొనేవాళ్లకి అందనంత ఎక్కువ.

దీపం సంగతికొస్తే, పాత పద్ధతి పాదరసం ల్యాంప్ మామూలు మోడ్‌లో నాలుగైదు వేల గంటలు వస్తుంది. ఎల్ఈడీ, లేజర్లకి 20,000 గంటలు, ఆపైన రాస్తారు. రోజుకి రెండు గంటలు చూస్తే ఏడాదికి 730 గంటలు, అంటే ల్యాంప్ కూడా ఐదేళ్లు నడుస్తుంది. కాబట్టి ల్యాంప్ అనగానే భయపడక్కర్లేదు. ఒరిజినల్ ల్యాంప్ ధర ఎంతో, దొరుకుతుందో లేదో ముందే కనుక్కుంటే చాలు.

ఎండ, దుమ్ము, కరెంటు

వేరే ఊళ్లవాళ్లు చేసే రివ్యూల్లో కనిపించని విషయం ఇది. ప్రొజెక్టర్ మాన్యువల్‌లో ‘ఆపరేటింగ్ టెంపరేచర్’ అని ఒక వరుస ఉంటుంది. కొన్నిటికి 35 డిగ్రీల దాకా, కొన్నిటికి 40 దాకా. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, అనంతపురం, కడపల్లో పగలు 40 దాటడం మామూలే. పైన ఇంకో అంతస్తు లేని మిద్దె ఇంట్లో పగలంతా కాగిన కప్పు రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. అలాంటి గదిలో 35 డిగ్రీల దాకా అని రాసుకున్న ప్రొజెక్టర్ ఫ్యాను గట్టిగా మోగుతుంది, వెలుగు తగ్గించుకుంటుంది, చివరికి ఆగిపోతుంది. పైగా ల్యాంప్ ప్రొజెక్టర్ తీసుకునే 250, 300 వాట్ల కరెంటూ ఆ గదిలోకి వేడిగానే వస్తుంది. ఏసీ లేని ఇంటికి 40 డిగ్రీలు రాసి ఉన్నదాన్నే వెతకండి. రెండు ప్రొజెక్టర్లు మిగతా అన్నింట్లో సమానంగా ఉంటే నేను ఈ ఒక్క వరుస చూసే తేల్చుకుంటాను.

షోకేసు అరలో ఇరికించి పెట్టడం అన్నిటికన్నా చెడ్డ పని. గాలి పీల్చే వైపు, వదిలే వైపు కనీసం ఒక అడుగు ఖాళీ ఉండాలి. ఎయిర్ కూలర్ ముందు కూడా పెట్టొద్దు. ఆ గాలిలో తేమ ఉంటుంది, కొన్ని కూలర్లు సన్నటి తుంపర కూడా విసురుతాయి. మన బోరు నీళ్లలోని ఉప్పు ఆరాక లెన్సు మీద తెల్ల మచ్చలుగా మిగులుతుంది.

దేశంలో వాన తక్కువ పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఆషాఢం గాలులకి ఎర్రటి దుమ్ము కిటికీలు మూసినా లోపలికి వస్తుంది. మాన్యువల్‌లో ఫిల్టర్ శుభ్రం చేయాలని చెప్పిన గంటల్ని ఇక్కడ సగానికి తగ్గించుకుని లెక్కపెట్టుకోండి. ఫిల్టర్ బయట నుంచి సులభంగా తీయగలిగేలా ఉందా, సీలింగుకి బిగించాక కూడా చేయి అందుతుందా అని అడగండి. దుమ్ము ఎక్కువ ఉండే ఇంటికి కాంతి మార్గం పూర్తిగా మూసి ఉన్న రకం మంచిది. ఒంటి ఎల్సీడీ పెట్టెల్లో చాలావాటికి ఆ మూత ఉండదు, మచ్చలు ముందు వాటిలోనే కనిపిస్తాయి.

కరెంటు పోయినప్పుడు వేడెక్కి ఉన్న ల్యాంప్‌కి ఫ్యాను గాలి ఆగిపోతుంది. ఇది తరచుగా జరిగితే ల్యాంప్ ఆయుష్షు తగ్గుతుంది. ఇన్వర్టర్ ఉన్నా అది అందుకునే క్షణంలోనే ప్రొజెక్టర్ ఆరిపోవచ్చు. కంప్యూటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ దీనికి మంచి పరిష్కారం, వాట్లు సరిపోతాయో లేదో మాత్రం చూసుకోండి. ఎల్ఈడీ, లేజర్లకి ఈ గొడవ చాలా తక్కువ. కోతలు ఎక్కువ ఉండే పల్లెల్లో నేను వాటికే ఓటేస్తాను.

ఓటీటీ, శబ్దం, తెర

ఆండ్రాయిడ్ లోపలే ఉందని చెప్పే ప్రొజెక్టర్లలో ఒక చిక్కు ఉంది. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో లాంటివి హెచ్‌డీ ఇవ్వాలంటే ఆ పరికరానికి వైడ్‌వైన్ ఎల్1 అనే కాపీ రక్షణ అనుమతి ఉండాలి. లేకపోతే యాప్ అసలు తెరుచుకోదు, లేదా తక్కువ నాణ్యతలో ఆడుతుంది. ఫోన్ నుంచి మిర్రరింగ్ చేస్తే శబ్దం వచ్చి బొమ్మ నల్లగా ఉండిపోవడం కూడా ఇలాంటి కాపీ రక్షణ వల్లే. హెచ్‌డీఎంఐలో ఒక స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకుంటే ఈ బాధ తీరుతుంది, కాబట్టి లోపలి ఆండ్రాయిడ్ కోసం ఎక్కువ డబ్బు ఇవ్వొద్దు.

లోపలి స్పీకర్లతో మన సినిమాల నేపథ్య సంగీతం వినడం కష్టం. సౌండ్‌బార్‌కి ముందే డబ్బు పక్కన పెట్టుకోండి. వైరుతో కలపండి. బ్లూటూత్‌లో మాట పెదవుల వెనక పడుతుంది.

తెరకి తొందర లేదు. నున్నగా పుట్టీ పెట్టి మెరుపులేని తెల్ల రంగు వేసిన గోడతో మొదలుపెట్టండి. గది వెలుగుని తోసిపుచ్చే బూడిద రంగు తెరలు ఉన్నాయి, అవి నిజంగానే పనిచేస్తాయి. కానీ మీ గదిలో లైటు ఎటు నుంచి వస్తుందో తెలిశాకే వాటి మీద డబ్బు పెట్టాలి.

మిద్దె మీద వాడుకునే ఆలోచన ఉంటే, మే నెలలో రాత్రి ఏడున్నరకి గానీ సరైన చీకటి పడదు. ఐపీఎల్ రాత్రి మ్యాచ్ మొదలయ్యేదీ అప్పుడే. వీధి దీపం పడని గోడ ఒకటి ఉంటే గుడ్డ తెర కన్నా అదే నయం, మన గాలికి గుడ్డ నిలవదు. వేడి దృష్ట్యా కూడా మూసిన గది కన్నా రాత్రిపూట మిద్దె ప్రొజెక్టర్‌కి సుఖం. పల్చటి వెలుగున్న చిన్న ప్రొజెక్టర్ బాగా పనికొచ్చే చోటు ఏదైనా ఉంటే అది ఇదే, 80 అంగుళాలకి పరిమితం చేసుకుంటే చాలు.

ఎక్కడ, ఎలా కొనాలి

ఇరవై వేల లోపే పెట్టగలిగి, లైట్లు ఆర్పడం కుదరని హాలు ఉంటే నా సలహా 43 అంగుళాల టీవీ. ఆ డబ్బుకి ఆ గదిలో తృప్తినిచ్చే ప్రొజెక్టర్ లేదు. చీకటి చేసుకోగల గది ఉంటే మాత్రం ఇంకొన్నాళ్లు ఆగి, నేటివ్ 1080పి, నిజమైన 500 ల్యూమెన్లకి తగ్గనిది తీసుకోండి.

మన ఊళ్లలో నాలుగు రకాలు పక్కపక్కన పెట్టి చూపించే షాపు దొరకడం కష్టం. అనంతపురం వాళ్లకి బెంగళూరు, కర్నూలు వాళ్లకి హైదరాబాదు రెండూ జాతీయ రహదారి 44 మీద ఇంచుమించు రెండు వందల కిలోమీటర్ల దూరమే. డెమోకి ఒక రోజు కేటాయించుకోవడం దండగ కాదు. వెళ్లేటప్పుడు మీకు బాగా తెలిసిన సినిమాలో ఒక రాత్రి సన్నివేశం, ఒక పగటి సన్నివేశం పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని పోండి. షాపువాళ్లు వేసే సముద్రం, పూల వీడియోలు అన్ని ప్రొజెక్టర్ల మీదా బాగుంటాయి. సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లో ఉంది, వాళ్లే ఇంటికి వస్తారా, మనమే మోసుకుపోవాలా అన్నది బిల్లు వేయించకముందే అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రొజెక్టర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కాబట్టి పాత వీడియోల్లో చెప్పిన ధరలతో బేరం పోల్చుకోవద్దు.

ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కి ఇచ్చే గడువు ఎన్ని రోజులో చూసుకుని, వచ్చిన రాత్రే పరీక్ష పెట్టండి. పూర్తి తెల్ల బొమ్మ వేసి నాలుగు మూలల వెలుగు మధ్యతో సమానంగా ఉందా చూడండి. పూర్తి నల్ల బొమ్మ వేసి వెలిగిపోయిన చుక్కలు, అంచుల్లో కారే వెలుగు ఉన్నాయా చూడండి. సన్నటి అక్షరాలతో ఒక పేజీ వేసి మధ్యలో ఫోకస్ చేస్తే మూలల్లో కూడా చదవగలగాలి. తర్వాత రెండు గంటలు ఆపకుండా నడిపి, ఫ్యాను చప్పుడు మాటల్ని మింగేస్తుందా అని మీరు కూర్చునే చోటు నుంచే వినండి. పెట్టె, థర్మోకోల్ గడువు తీరేదాకా పారేయకండి.